ఒక్క మెతుకు చాలదు

లియెపాయలో నవంబరు. మధ్యాహ్నం మూడున్నర దాటిందో లేదో
ఆసుపత్రి కిటికీ నల్లబడిపోయింది.
గదిలో ఉన్న వెలుగంతా తెర మీదే.
బూడిదరంగు మంచులో ఒక కవాటం తెరుచుకుంటోంది, మూసుకుంటోంది,
ఎవరో లోపలినుంచి తలుపు ఓరగా తీసి
వీధి చూసి మళ్లీ వేసుకుంటున్నట్టు.

తాలివాల్డిస్ ఎడమపక్కకి ఒత్తిగిలి పడుకున్నాడు.
డెబ్బై ఆరేళ్లు. పక్కటెముకల మీద చల్లని జెల్.
మెడ ఎముక దిగువన, చర్మం కింద, అగ్గిపెట్టెంత పేస్‌మేకర్.
మూడు తీగలు.
పై గది కొట్టుకున్నాక కింది గదులు ఎంతసేపు ఆగాలో
ఆ పెట్టె చెబుతుంది.
ఎంతసేపని దానికి చెప్పాల్సింది
ఈ గదిలో వాళ్లు.

"నూట ఇరవై పెట్టు" అంది జైగా.
కుర్ర డాక్టరు ఉగిస్ మీట నొక్కాడు.
నూట ఇరవై మిల్లీసెకన్లు. రెప్ప వాలి లేచేలోపు అయిపోయే కాలం.
గుండె చిమ్మిన రక్తం తెర మీద
తలకిందులు తెరచాపలా వేలాడింది.
అంచు వెంబడి ఆమె గీత గీసింది.
పదిహేడు పాయింట్ రెండు.

నూట నలభై.
పద్దెనిమిది పాయింట్ ఆరు.
"దొరికింది" అన్నాడు ఉగిస్. "రాసేద్దాం.
ఐదింటి బస్సు అందుతుంది నాకు."

జైగా పెన్ను తియ్యలేదు.
మళ్లీ నూట ఇరవై పెట్టమంది.
పందొమ్మిది!
అదే మంచం, అదే మనిషి, అదే చెయ్యి.
మళ్లీ నూట నలభై:
పదహారు పాయింట్ ఎనిమిది.

గోడవైపు తిరిగి ఉన్న ముసలాయన అడిగాడు:
"ఏ అలని కొలిచావు?"

ముప్ఫై ఒక్క ఏళ్లు రేవులో సముద్రమట్టం రాసిన మనిషి.
చేరిన వారంలోనే తుఫాను. గెడ కర్రకి కళ్లప్పగించి
సెంటీమీటరు దాకా అంకె వేసుకొచ్చాడట.
పై అధికారి వెల్టా కాగితం చూసి
ఇదే మాట అడిగిందట.
తర్వాత గొట్టం చూపించింది, అడుగున బొటనవేలంత బెజ్జం:
సముద్రం లోపలికొస్తుంది, అల బయటే ఉండిపోతుంది.

"ఛాతీలో అలాంటి గొట్టం లేదు" అంది జైగా.
"అయితే కూర్చుని లెక్కపెట్టు."

ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలంటారు.
అన్నం సంగతి వేరు, అది ఒకే కుండలో ఒకే మంట మీద ఉడుకుతుంది.
ఇక్కడ ఊపిరి పీలిస్తే ఒక కొలత, వదిలితే ఒకటి,
ప్రోబ్ గోరంత జారితే ఇంకొకటి.
ఒక దెబ్బ కొసరు వేస్తుంది,
మరోటి మానిక అంచున గీసి తీసేసుకుంటుంది.
మధ్యలో దగ్గు.
మధ్యలో వరస తప్పిన దెబ్బ ఒకటి, దాన్ని వదిలేశారు.

ఎనభై నుంచి రెండు వందల దాకా, వరస కలిపేసి,
ఒక్కో మెట్టుకి ఎనిమిది దెబ్బలు,
ప్రతి మెట్టుకీ మూడేసి సార్లు వెనక్కొచ్చి.
ఐదింటి బస్సు వెళ్లిపోయింది.
ఉగిస్ టీ తెచ్చాడు, అది చల్లారింది, అలాగే తాగారు.

ఏడింటికి చుక్కలన్నీ కలిపితే
ఇసుకదిబ్బంత మెల్లని వంపు.
రెండు కొసలా దిగిపోయింది, అంతవరకు నిజం.
నూట పది నుంచి నూట యాభై దాకా మాత్రం
ఎక్కడ నిలబడ్డా ఒకే ఎత్తు.

"అంటే ఇంతసేపూ ఏమీ కనుక్కోలేదా?"
"ఇందాక రాసేద్దామన్నావే, నూట నలభై,
అది నా చెయ్యి. ఈయన గుండె కాదు.
అంతవరకు తెలిసింది."

నూట ముప్ఫై దగ్గర వదిలేశారు.
రిపోర్టులో ఉగిస్ ఒక అంకె రాసి, కొట్టేసి,
రెండంకెలు రాశాడు, మధ్యలో చిన్న గీత.

తాలివాల్డిస్ చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు,
ఎవరూ చెప్పలేదు.
గుమ్మం దగ్గర ఆగి, "ఆ తుఫాను కాగితం వెల్టా చింపలేదు,
పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి దాచింది" అన్నాడు.

జైగా యంత్రం కట్టేసింది.
కుడి మణికట్టు నొక్కుకుంది, రోజూ నొప్పి ఉండే చోట.
ఇవాళ అది
కొంచెం పక్కకి జరిగింది.